పెడల్‌లో ముందు పోయేది స్విచ్చే: ఫుట్‌స్విచ్ ఎలా ఎంచుకోవాలి?

ఇవాళ ఒకే ఒక్క పార్ట్ గురించి మాట్లాడుకుందాం. గిటార్ ఎఫెక్ట్స్ పెడల్ మీద కాలితో తొక్కుతాం చూడండి, ఆ ఫుట్‌స్విచ్. ఇంత చిన్నదానికి ఒక ఎపిసోడా అంటారేమో. పెడల్ సొంతంగా కట్టుకున్నవాళ్లు మాత్రం అనరు, వాళ్లకి తెలుసు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. పెడల్ అంటే ఎలక్ట్రిక్ గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్యలో నేల మీద కూర్చునే డబ్బా. ఒకసారి తొక్కితే సౌండ్ గరగరలాడుతుంది, లేదంటే ఎకో వస్తుంది. మళ్లీ తొక్కితే మామూలు గిటార్. 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి లోపల సర్క్యూట్లు ఎన్నో మారాయి గానీ, కాలితో తొక్కే పని మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ అడిక్‌మెట్‌లో, విద్యానగర్‌లో, అటు తార్నాకలో, ఓయూ చుట్టూ ఉన్న రూముల్లో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు పెడల్ కట్టడం మొదలుపెడితే ఏం చేస్తారంటే, వారం రోజులు కూర్చుని ఏ ఐసీ వాడాలి, ఏ డయోడ్ వేస్తే సౌండ్ వెచ్చగా వస్తుంది అని చర్చిస్తారు. జెర్మేనియం డయోడ్ కోసం ఊరంతా వెతుకుతారు. స్విచ్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వన్నా" అంటారు. నా లెక్కలో ఇది తలకిందుల వ్యవహారం. రెసిస్టర్ ఒకసారి సరిగ్గా సోల్డర్ చేస్తే ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఐసీ కూడా అంతే. ఆ డబ్బాలో బూటు కాలితో తన్నులు తినేది ఒక్క స్విచ్చే. పాట మధ్యలో, సోలో మొదలవ్వబోయే ముందు తొక్కగానే సౌండ్ మొత్తం మాయమైతే, మీ డయోడ్ జెర్మేనియమా సిలికానా అని ఎవడూ అడగడు.

సరే, ఇది చూడండి. (స్విచ్ కెమెరా దగ్గరికి తెస్తూ) దీన్ని 3పీడీటీ అంటారు. కింద తొమ్మిది కాళ్లున్నాయి, మూడు వరుసలు, వరుసకి మూడు. అంటే ఒకే పెట్టెలో మూడు స్విచ్‌లు, ఒకే తొక్కుడుకి మూడూ కలిసి కదులుతాయి. ప్రతి వరుసలో మధ్య కాలు అటువైపు కాలుతోనో ఇటువైపు కాలుతోనో కలుస్తుంది. మూడు ఎందుకంటే, ఒకటి గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ కోసం, ఒకటి ఆంప్‌కి వెళ్లే సిగ్నల్ కోసం, మూడోది ఎల్‌ఈడీ వెలిగించడానికి. పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ సిగ్నల్ సర్క్యూట్‌ని అస్సలు తాకకుండా నేరుగా బయటికి పోతుంది. దీన్నే ట్రూ బైపాస్ అంటారు.

ఇందులో రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి బాల్‌పెన్ లాంటిది, నొక్కితే అక్కడే ఆగుతుంది, మళ్లీ నొక్కితే వెనక్కొస్తుంది. దీన్ని లాచింగ్ అంటారు. రెండోది కాలింగ్ బెల్ లాంటిది, కాలు తీయగానే వదిలేస్తుంది. అది మొమెంటరీ. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తెలియకుండా కొంటే పొరపాటున రెండో రకం వస్తుంది, పెడల్ కాలు పెట్టినంతసేపే పనిచేస్తుంది! షాపులోనే నొక్కి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. స్విచ్ మీద "2 ఆంపియర్లు 250 వోల్టులు" అనో, "4 ఆంపియర్లు 125 వోల్టులు" అనో రాసి ఉంటుంది. అది చూసి చాలామంది ఏమనుకుంటారంటే, ఆంపియర్లు ఎక్కువుంటే స్విచ్ గట్టిది అని. గిటార్ విషయంలో ఇది పనికిరాని లెక్క. మామూలు పికప్ నుంచి వచ్చేది సుమారుగా ఒక వోల్టులో పదో వంతు నుంచి ఒక వోల్టు వరకూ. పెడల్ ఇన్‌పుట్ దగ్గర ఒక మెగా ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి, అందులో పారే కరెంట్ ఒక మైక్రో ఆంపియర్ లోపే. ఆంపియర్‌లో పది లక్షల వంతు అన్నమాట.

పెద్ద కరెంట్ పారే స్విచ్‌లో ఏమవుతుందంటే, కలిసిన ప్రతిసారీ లోపల చిన్న నిప్పురవ్వ పుట్టి, కాంటాక్ట్ మీద పట్టిన పొరని కాల్చేస్తుంది. మన సిగ్నల్‌కి అంత శక్తి లేదు. నలుగురూ నడిచే బాట మీద గడ్డి మొలవదు గదా, ఎవరూ నడవని బాట మీద మొలుస్తుంది. ఇదీ అంతే. చాలా స్విచ్‌లలో కాంటాక్ట్ మీద వెండి పూత ఉంటుంది. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడినట్టే అదీ నల్లబడుతుంది. అందుకే కొన్ని నెలలు పక్కన పెట్టిన పెడల్ తీసి తొక్కితే మొదట్లో సౌండ్ తెగితెగి వస్తుంది, ఓ ఇరవై సార్లు తొక్కాక సర్దుకుంటుంది. లోపల రాపిడికి ఆ పొర కొంత చెరిగిపోతుంది, అంతే. కాబట్టి మనకి కావల్సింది ఆంపియర్లు కాదు. కలిసేటప్పుడు కొంచెం రుద్దుకుంటూ కలిసే కాంటాక్ట్, దుమ్ము లోపలికి పోని బాడీ. బంగారు పూత ఉన్నది దొరికితే ఇంకా మంచిది. డేటాషీట్‌లో ఇవి ఉంటాయి. అసలు డేటాషీటే లేని స్విచ్ అయితే మీరే దానికి పరీక్ష పెట్టాలి, ఆ పద్ధతి కాసేపట్లో చెప్తా.

బ్రాండ్ సంగతికొద్దాం. తైవాన్ ఆల్ఫా వాళ్లవి, ఇంగ్లండ్ క్లిఫ్ వాళ్లవి, అమెరికా కార్లింగ్ వాళ్ల పాత డీపీడీటీలు, ఈ పేర్లు పెడల్ కట్టేవాళ్లలో ఎక్కువ వినిపిస్తాయి. మనకి ఎక్కువగా దొరికేది మాత్రం నీలం రంగు బాడీ ఉన్న, పేరూ ఊరూ లేని 3పీడీటీ. నీలం రంగు కంపెనీ పేరు కాదు. అదే నీలం రంగులో మంచిదీ వస్తుంది, చెత్తదీ వస్తుంది. ఒకే షాపులో పోయిన నెల కొన్నదీ ఈ నెల కొన్నదీ ఒకటే అని గ్యారంటీ లేదు. అలాగని నీలంది కొనొద్దు అని నేను అనను. స్టూడెంట్ బడ్జెట్ నాకు తెలుసు. పరీక్షించకుండా వాడొద్దు అంటున్నా.

ఎక్కడ కొనాలి? హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అంటే కోఠి గుజరాతీ గల్లీ. అడిక్‌మెట్ నుంచి పెద్ద దూరం కాదు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, వైరు, సోల్డర్ అన్నీ అక్కడ చూసి కొనొచ్చు. గిటార్ ఫుట్‌స్విచ్ మాత్రం ప్రతి షాపులో ఉండే వస్తువు కాదు. "అన్నా, ఫుట్ స్విచ్ ఉందా" అంటే కుట్టుమిషన్ పెడల్ లాంటిది చేతిలో పెట్టొచ్చు. "తొమ్మిది కాళ్లది, నొక్కితే ఆగేది, గిటార్ పెడల్‌కి వేసేది" అని ఫోన్‌లో ఫొటో చూపించి అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే సౌకర్యమే గానీ చేత్తో నొక్కి చూసే అవకాశం ఉండదు. ఎక్కడ కొన్నా సరే, ఒకటి కావాలంటే మూడు తీసుకోండి. ఒకటి వాడకానికి, ఒకటి పరీక్షలో పోయేదానికి, ఒకటి రేపటికి.

పరీక్ష చాలా సింపుల్. మల్టీమీటర్ ఉంటే చాలు. ముందు మీటర్ రెండు వైర్లూ ఒకదానికొకటి ఆనించి చూడండి, సున్నా రాదు, ఓమ్‌లో ఎంతో కొంత చూపిస్తుంది. అది మీటర్ వైర్ల సొంత రెసిస్టెన్స్, గుర్తుపెట్టుకోండి. తర్వాత స్విచ్‌లో ఒక వరుస తీసుకుని, మధ్య కాలికీ పక్క కాలికీ పెట్టండి. దాదాపు అదే అంకె రావాలి. నొక్కండి, ఇప్పుడు అవతలి కాలికి రావాలి. ఇలా మూడు వరుసలూ చూడండి. ఇంతవరకూ అందరూ చేస్తారు.

తర్వాతి భాగం ఎవరూ చేయరు. స్విచ్‌ని ఒక వంద సార్లు నొక్కండి. ఏదైనా సిరీస్ చూస్తూ నొక్కండి, నష్టం లేదు. మళ్లీ కొలవండి. అంకె నిలకడగా ఉంటే పర్లేదు. ఒకసారి అర ఓమ్, ఒకసారి ఎనిమిది, ఒకసారి ముప్ఫై అని గంతులేస్తుంటే దాన్ని పక్కన పడేయండి. ఇంకో మాట. మీటర్ పెట్టి ఉంచి, పైన ఉన్న బటన్‌ని అటూ ఇటూ కదిలించండి, నొక్కకుండా ఊరికే పక్కలకి. అంకె మారిందంటే స్టేజ్ మీద పాదం ఆనినప్పుడల్లా సౌండ్ తెగుతుంది. చివరిగా, చాలా మెల్లగా నొక్కండి. మంచి స్విచ్ ఒక చోటుకి రాగానే టక్కుమని మారిపోతుంది. చెడ్డది సగంలో ఆగి, అటూ కలవదు ఇటూ కలవదు. తొందరలో సగం తొక్కి కాలు తీసేస్తే పెడల్ మూగబోయేది ఇందుకే.

డేటాషీట్ ఉంటే లైఫ్ అని ఒక అంకె ఉంటుంది. మాటవరసకి 30,000 సార్లు అని ఉందనుకుందాం. రోజుకి 40 సార్లు తొక్కితే 750 రోజులు, అంటే రెండేళ్లు. వినడానికి తక్కువ అనిపిస్తుంది గానీ, రోజూ నలభై సార్లు తొక్కేంత ప్రాక్టీస్ చేసేవాళ్లు మనలో ఎంతమంది చెప్పండి. నిజం ఏంటంటే, స్విచ్‌లు చాలావరకు తొక్కి తొక్కి అరిగిపోయి పోవు. పెట్టేటప్పుడే మనం చంపేస్తాం.

ఎలాగంటారా? సోల్డరింగ్‌తో. ఆ కాళ్లు ప్లాస్టిక్‌లో దిగ్గొట్టి ఉంటాయి. ఎక్కువసేపు వేడి పెడితే ప్లాస్టిక్ మెత్తబడి కాలు కొంచెం పక్కకి ఒరుగుతుంది. బయటికి ఏమీ కనపడదు. లోపల మాత్రం కాంటాక్ట్ దాని చోటు నుంచి జరిగిపోయి ఉంటుంది. పైగా లోపల గ్రీజ్ ఉంటుంది, అది కరిగి కాంటాక్ట్ మీదకి పారొచ్చు. చిన్న ఐరన్ వాడితే వేడి తక్కువ కాబట్టి సేఫ్ అనుకుంటారు. ఉల్టా! చిన్న ఐరన్‌తో సోల్డర్ కరగడానికి పది సెకన్లు పట్టుకుని కూర్చుంటారు, ఆ పది సెకన్లలో వేడంతా లోపలికి పోతుంది. బాగా వేడెక్కిన ఐరన్, శుభ్రంగా ఉన్న టిప్, ముందే సోల్డర్ పూసి పెట్టుకున్న వైరు, ఈ మూడూ ఉంటే రెండు మూడు సెకన్లలో పనైపోతుంది. ఒక కాలు అయ్యాక పక్క కాలు వెంటనే ముట్టుకోవద్దు, అవతలి మూల కాలుకి వెళ్లండి, ఇది చల్లారుతుంది.

ఇంకోటి, మన దగ్గర అందరికీ అలవాటైన పేస్ట్ డబ్బా. స్విచ్ దగ్గరికి దాన్ని తేకండి. ఆ పేస్ట్ కరిగి కాలు పక్క సందులోంచి లోపలికి దిగుతుంది, తర్వాత నెమ్మదిగా చిలుము పట్టిస్తుంది. లోపల రోజిన్ ఉన్న సోల్డర్ వైరు వాడితే వేరే పేస్ట్ అక్కర్లేదు. స్విచ్‌ని కాళ్లు పైకి పెట్టి కాకుండా పక్కకి పడుకోబెట్టి సోల్డర్ చేయండి, కరిగింది లోపలికి జారదు.

ఈ మధ్య క్యాంపస్‌లో చదివే ఒక తమ్ముడు పెడల్ తెచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్న కిట్. తొక్కితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఎఫెక్ట్ రాదు. ఆఫ్ చేస్తే గిటార్ బాగానే వినిపిస్తుంది. "అన్నా, ఐసీ కాలిపోయింది, మార్చాలి" అని వాడే తేల్చేసుకున్నాడు. ఎల్‌ఈడీ వెలిగింది గదా, మరి స్విచ్ బాగానే ఉన్నట్టే అని వాడి లాజిక్. నేను ముందే చెప్పా, ఒకే పెట్టెలో మూడు స్విచ్‌లు. ఎల్‌ఈడీది వేరే వరుస. అది బతికి ఉన్నంత మాత్రాన పక్క వరుస బతికున్నట్టు కాదు. మీటర్ పెట్టి చూస్తే గిటార్ సిగ్నల్ వరుసలో ఒకవైపు బాగానే ఉంది, రెండో వైపు కలిసేదే లేదు. ఆ కాలు మీద సోల్డర్ గోళీ సైజులో ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ మెరుస్తోంది. అంటే కరిగి మళ్లీ గట్టిపడింది. స్విచ్ మార్చాం, పెడల్ మోగింది. ఐసీ జోలికే పోలేదు.

ఈ గుర్తులు గుర్తుంచుకోండి. ఎల్‌ఈడీ వెలిగి ఎఫెక్ట్ రాకపోతే, ముందు స్విచ్ కొలవండి, ఆ తర్వాతే సర్క్యూట్. బైపాస్‌లో కూడా సౌండ్ లేదంటే సర్క్యూట్‌కి సంబంధమే లేదు, ఎందుకంటే ట్రూ బైపాస్‌లో పవర్ పీకేసినా గిటార్ వినిపించాలి. అప్పుడు తప్పు స్విచ్‌లోనో, జాక్‌లోనో, వైర్‌లోనో ఉంది. ఇక తొక్కినప్పుడల్లా "టప్" అని పెద్ద శబ్దం వస్తుంటే వెంటనే స్విచ్‌ని తిట్టకండి. ఎక్కువసార్లు అది కెపాసిటర్ మీద నిలిచిపోయిన వోల్టేజ్ పని. ఇన్‌పుట్ దగ్గరా, అవుట్‌పుట్ దగ్గరా ఒక మెగా ఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి వేస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు డబ్బా. స్విచ్ మెడ 12 మిల్లీమీటర్లు, రంధ్రం కూడా అంతే ఉండాలి. పెద్దదైపోతే స్విచ్ తిరుగుతుంది. తిరిగితే వైర్లు మెలిపడి తెగుతాయి. లోపలివైపు పళ్లున్న వాషర్ తప్పకుండా వేయండి, అదే స్విచ్‌ని తిరగకుండా పట్టుకునేది. నట్టు బిగించేటప్పుడు లోపల స్విచ్ బాడీని వేళ్లతో పట్టుకోండి, కాళ్లని కాదు. కొంతమంది స్టీలు టిఫిన్ డబ్బాలో పెడల్ కడతారు. చూడ్డానికి మస్తు ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఆ రేకు పల్చన. తొక్కినప్పుడల్లా కిందికి వంగి లేస్తుంది, కొన్నాళ్లకి నట్టు వదులవుతుంది. ప్లాస్టిక్ డబ్బా అయితే వంగడంతో పాటు బయటి బర్రుమనే హమ్ కూడా లోపలికొస్తుంది. పోత పోసిన అల్యూమినియం డబ్బా కొనగలిగితే కొనండి. లేదంటే టిఫిన్ డబ్బా మూత లోపల స్విచ్ కింద ఒక మందపాటి రేకు ముక్క ఆనించండి.

వైర్ విషయంలో ఒకే మాట, లోపల ఒంటి తీగ ఉన్న వైరు వద్దు, సన్న పోగులున్నది వాడండి. ఒంటి తీగ కదిలి కదిలి విరుగుతుంది. స్విచ్‌ని నేరుగా మెయిన్ పీసీబీకి సోల్డర్ చేసే డిజైన్లు ఉంటాయి. నీట్‌గా ఉంటుంది గానీ నాకు నచ్చదు. ప్రతి తొక్కుడు బోర్డు మీద పడుతుంది. పైగా రేపు స్విచ్ మార్చాలంటే తొమ్మిది కాళ్లు ఒకేసారి ఊడదీయాలి, బోర్డు మీద రాగి పట్టీలు లేచిపోతాయి. స్విచ్‌కి ఒక చిన్న బోర్డు విడిగా పెట్టి, అక్కడి నుంచి వైర్లతో మెయిన్ బోర్డుకి కలపండి. అప్పుడు స్విచ్ పోయినా పావుగంట పని.

ఇదంతా విన్నాక ఒక ప్రశ్న రావాలి: అసలు సిగ్నల్‌ని ఈ స్విచ్ గుండా పంపడం ఎందుకు? కరెక్ట్. బాస్ కంపెనీ 1977లో మొదటి కాంపాక్ట్ పెడల్స్ తెచ్చినప్పుడే ఆ దారి పట్టింది. బాస్ పెడల్ మీద మీరు తొక్కేది పెద్ద రబ్బరు పలక, దాని కింద ఉండేది ఒక చిన్న బటన్ మాత్రమే. ఆ బటన్ ట్రాన్సిస్టర్లకి "మారండి" అని చెప్తుంది, సిగ్నల్ మార్చే పని ట్రాన్సిస్టర్లే చేస్తాయి. బటన్ కాంటాక్ట్ కొంచెం చిలుము పట్టినా సౌండ్‌కి ఏమీ కాదు. నలభై ఏళ్ల నాటి బాస్ పెడల్స్ ఇంకా స్టేజ్‌ల మీద కనపడటానికి ఇదొక కారణం. కాకపోతే అది ట్రూ బైపాస్ కాదు, ఆఫ్‌లో ఉన్నా సిగ్నల్ ఒక బఫర్ గుండా పోతుంది, పవర్ లేకపోతే సౌండ్ ఉండదు.

ట్రూ బైపాస్ కావాలి, స్విచ్ బాధ వద్దు అంటే రిలే పద్ధతి ఉంది. కాలు కింద మొమెంటరీ స్విచ్, దాని వెనక ఒక చిన్న మైక్రోకంట్రోలర్, అది రిలేని అటూ ఇటూ మారుస్తుంది. రిలే మూసి ఉన్న పెట్టె, దుమ్ము పోదు, ఎవరూ తన్నరు. మొమెంటరీ స్విచ్ పోయినా రెండే కాళ్లు, ఐదు నిమిషాల్లో మార్చొచ్చు. ఆర్డుయినో కోడ్ రాసినవాళ్లకి ఇది పెద్ద పని కాదు. నొక్కినప్పుడు కాంటాక్ట్ రెండు మూడుసార్లు ఎగిరి కలుస్తుంది కాబట్టి, కోడ్‌లో ఓ 20 మిల్లీసెకన్లు ఆగి చూడమని రాయాలి. లేదంటే ఒక తొక్కుడుకి రెండుసార్లు మారి, అసలు మారనట్టే ఉంటుంది. నష్టం ఏంటంటే రిలే కరెంట్ తింటుంది. మామూలు 5 వోల్టుల చిన్న రిలే ఆన్‌లో ఉన్నంతసేపూ 28 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, 9 వోల్టుల బ్యాటరీ మీద అది ఎక్కువసేపు నిలవదు. అడాప్టర్ వాడేవాళ్లకి పర్లేదు. లాచింగ్ రిలే వేస్తే మారే క్షణంలోనే కరెంట్ తీసుకుంటుంది, కానీ పవర్ పోతే ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. ఆన్‌లో ఉండగా పోయిందంటే సౌండ్ పోయినట్టే.

నా సలహా ఏంటంటే, మొదటి పెడల్ 3పీడీటీతోనే కట్టండి. ట్రూ బైపాస్ అంటే ఏంటో చేత్తో అర్థమవుతుంది. ఫ్రెండ్స్‌కి అమ్మడం మొదలుపెడితే మాత్రం రిలేకి మారండి, ఎందుకంటే వాళ్లు స్టేజ్ మీద ఉన్నప్పుడు పక్కన మీరు మల్టీమీటర్ పట్టుకుని ఉండరు. ఏ పెడల్ అయినా సరే, గిగ్‌కి వెళ్లేటప్పుడు బ్యాగులో ఒక జాక్ కప్లర్ పెట్టుకోండి. స్విచ్ పోతే పెడల్‌కి రెండు వైపులా ఉన్న కేబుళ్లు పీకి, వాటిని కప్లర్‌తో కలిపేసి పాట ముగించొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ జాక్‌ల సంగతే చూద్దాం, వాటి లొల్లి వేరే ఉంది. అప్పటిదాకా ఇంట్లో ఉన్న పాత స్విచ్ ఒకటి పగలగొట్టి లోపల చూడండి. ఉంటా మరి.